గేటు ముందు దించిన బతుకమ్మ

మా ఊరి చుట్టూ పార్కులకు కొదవ లేదు. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు సుల్తానుల కాలం నాటిదని మేం గొప్పగా చెప్పుకుంటాం. దాని గాలి పేరు చెప్పి ప్లాట్లు అమ్మేవాళ్లు అంతకన్నా గొప్పగా చెప్పుకుంటారు. వెంచరుకొక పార్కు, పార్కుకొక గేటు, గేటుకొక తాళం. నేను పుట్టి పెరిగింది చెరువు పక్కనున్న పాత వాడలో. బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మోకాళ్లు అరిగాయి గానీ జ్ఞాపకం అరగలేదు.

మూడేళ్ల కింద ఒక పొద్దున, మా వాడ వెనక కొత్తగా లేచిన కాలనీ పార్కులో నడుద్దామని వెళ్లాను. వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ప్లాటు నంబరెంత అక్కా?"

"ప్లాటు లేదు తమ్మీ. వాడల ఉంట."

"అయితే రోడ్డు మీద నడువు. లోపలికి కాలనీవోళ్లే రావాలె."

లోపల బెంచీ మీద కాలనీ సంఘం కార్యదర్శి కూర్చుని ఉన్నాడు. మా వైపు కొత్తగా వచ్చి స్థిరపడినవాడు. నా వైపు తల కూడా తిప్పకుండా, "గేటు వేసెయ్. ఒకళ్లని రానిస్తే వాడంతా వస్తుంది" అన్నాడు. ఆనాడు ఆయన తొడుక్కున్న నీలం టీషర్టు నాకిప్పటికీ గుర్తే. కాలనీ రాకముందు అక్కడ మా నాయన బర్రెలు మేపేవాడు.

అవమానం నా ఒక్కదానిదే అయినా వదిలేదాన్ని కాదు. కానీ అంతకన్నా పెద్ద సంగతి ఒకటి వచ్చిపడింది. ఏళ్లకేళ్లు ఎండిన చెరువు నిండింది. సంబరపడ్డాం. అయితే మేం బతుకమ్మ ఆడే చదును నేల చెరువు అంచునే ఉండేది, అది నీళ్ల కిందికి పోయింది. ఆ తర్వాత మా సందులోనే, మురుగు మోరీకీ బండ్లకూ మధ్య ఇరుక్కుని ఆడాం. నిరుడు మా వదిన మోరీలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఈ ఏడు పెద్దవాళ్లు, "ఎవరింట్ల వాళ్లు పెట్టుకొని మొక్కుకుందాం తియ్యి" అనడం మొదలుపెట్టారు. గుండ్రంగా తిరగకుండా, చప్పట్లు కొట్టకుండా మొక్కుకుంటే అది బతుకమ్మ ఎట్లా అవుతుంది? ఒక్క ఏడు ఆపితే మా వాడలో ఆట ఆగిపోయినట్టే.

మున్సిపాలిటీ చుట్టూ తిరిగి లేఅవుట్ నకలు తెచ్చాను. పార్కు జాగా కాలనీది కాదు, మున్సిపాలిటీకి రాసిచ్చినది. అర్జీ పెట్టాను, రసీదు ఇచ్చారు. ఎవరూ రాలేదు.

ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం వాడ ఆడవాళ్లం బతుకమ్మలు ఎత్తుకుని నేరుగా పార్కుకే వెళ్లాం. పార్కు గేటు కాలనీలోకి పోయే దారి మొదట్లోనే ఉంటుంది. తాళం వేసి ఉంది.

"సార్ చెప్పకుంటె తియ్య" అన్నాడు వాచ్‌మన్.

నా బతుకమ్మను అక్కడే, దారి నడుమ దించాను. మిగతావాళ్లు దాని చుట్టూ దించారు. పాట అందుకున్నాం.

రెండో పాటకే కార్యదర్శి కారు వచ్చి ఆగింది. వెనక ఇంకో నాలుగు.

"ఏంటమ్మా ఇది, దారికి అడ్డంగా? కాస్త పక్కకి జరపండి."

"దించిన బతుకమ్మను ఆట గాకముందే లేపరు సారూ" అన్నాను.

ఆయన వాచ్‌మన్ వైపు తిరిగాడు. "నువ్వు తీసి అటు పెట్టు."

వాచ్‌మన్ రెండడుగులు వెనక్కి వేశాడు. "నేను ముట్ట సార్. మా అవ్వకు ఎరుకైతే ఇంట్లకు రానియ్యది."

దాంతో కార్యదర్శే వంగాడు. పాట ఆగిపోయింది. అందరి చేతులూ గాలిలోనే నిలిచిపోయాయి. అప్పుడు మా వదిన ముందుకొచ్చింది.

"లేపు సారూ, లేపు. లేపినంక చెరువు దాక నువ్వే మోయాలె మరి, నెత్తి మీద. మేం ఎన్కనుంచి చప్పట్లు కొట్టుకుంట వస్తం."

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. వెనక కార్లలో నుంచి కూడా నవ్వులు వినిపించాయి. ఆయన చేతులు వెనక్కి తీసుకుని, నడుము పట్టేసినట్టు మెల్లగా లేచాడు.

"సరే, ఈ ఒక్కరోజుకి తాళం తీయిస్తాను."

"ఒక్కరోజు మీ దయ మాకెందుకు?" లేఅవుట్ నకలు ఆయన ముందు విప్పాను. "ఇది అందరి జాగ. తాళం తీసుడు గాదు, తాళమే మాకియ్యాలె."

"ఇవ్వకపోతే?"

"ఆడుతం. మాకు పాటలు మస్తుగున్నయి."

మళ్లీ అందుకున్నాం. హారన్లు మోగాయి. మేడల మీది నుంచి కాలనీ ఆడవాళ్లు తొంగిచూశారు. కొందరు చెప్పులు విడిచి దిగివచ్చి వరసలో కలిశారు. అడుగులు రానివాళ్లకు మా వదిన చూపించింది. కాగితం ఆయన రెండుసార్లు చదివాడు. చివరికి ఆయన తల ఊపితే వాచ్‌మన్ తాళం ఊడదీసి నాకు ఇవ్వబోయాడు. "నాకు గాదు, చెయ్యి ఇరిగినామెకియ్యి" అన్నాను. వదిన దాన్ని కొంగున ముడేసుకుంది.

తాళం చేతికొచ్చిందని ఆట మధ్యలో ఆపలేదు. పూర్తయ్యాకే బతుకమ్మలు ఎత్తుకుని చెరువు దారి పట్టాం. అప్పటిదాకా కార్లు ఆగే ఉన్నాయి. కార్యదర్శి పక్కకు తప్పుకుని మాకు దారి ఇచ్చాడు. నేను ఆయనకు థాంక్స్ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి, ఆయన ఇచ్చింది ఆయనదైతే కదా?