ఒంటికాలి పిట్ట వెంట మా అత్త

మొన్న ఆదివారం కళింగపట్నం తీరాన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాం. పక్కన ఎవరో ఆవిడ, నీటి అంచున ఒంటికాలి మీద నిలబడ్డ చిన్న పిట్టను చూసి "పాపం, కుంటిది" అంటూ ఫొటో తీసుకుంది. నాకు నవ్వు ఆగలేదు. ఆవిడ నన్నో రాక్షసిని చూసినట్టు చూసింది. ఏం చెప్పను? సరిగ్గా ఆ పొరపాటు వల్లే మా అత్త మళ్లీ లేచి నడిచిందంటే నమ్ముతుందా?

అత్తంటే మా ఆయన తల్లి. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని నరసన్నపేట సంతకి వెళ్లొచ్చే మనిషి. ఆవిడ నోటికి జడిసి బేరమాడడమే మానేసేవారు. అలాంటిది బావిగట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక ఎముక అతుక్కుందనీ, ఇక నడవకపోతే ఆ కాలు బిగుసుకుపోతుందనీ డాక్టరు గట్టిగానే చెప్పాడు. ఆవిడ పాదం నేలకి ఆనిస్తే ఒట్టు. "ఇరిగిన తెడ్డు మల్లీ నీల్లలో ఎవులేస్తారే?" అని మంచం దిగలేదు. బతిమాలాం, తిట్టాం, మా ఆయన అలిగి అన్నం మానేశాడు కూడా. ఏ ఎత్తూ పారలేదు. ఆవిడ బతుకు ఇక ఆ మంచం మీదే తెల్లారిపోతుందని నాకు బెంగ పట్టుకుంది.

మా ఇంటి వెనక ఏరు సముద్రంలో కలుస్తుంది. పోటు మీద ఉన్నప్పుడు నీళ్లు పెరటి దాకా వస్తాయి, పాటు వేళకి వెనక్కి పోయి బురద తేలుతుంది. చలికాలం ఆ బురద నిండా గుప్పెడంత పిట్టలే. ఒక పొద్దున్న మేం మోసుకొచ్చి గుమ్మంలో కూర్చోబెట్టిన అత్త కేకేసింది.

"ఒసే, ఇటు సూడే. దానికి ఒక కాలు పోనాది. ఒంటికాలి మీదే గెంతుకుంటా తింటన్నాది."

నిజంగానే గెంతుతోంది. అత్త జాలిపడి అన్నం మెతుకులు విసిరితే అది కన్నెత్తి చూడలేదు. దానికి కావలసింది బురదలో కదిలే పురుగు, అది దొరికేది తడి అంచున. నీళ్లు వెనక్కి తీస్తుంటే పిట్ట కూడా అంచు వెంటే దూరంగా జరిగిపోయేది. అత్త కళ్లకి ఆనదాయె. "కొంచిం ముందుకి తీసుకెల్లే" అనేది. అలా గుమ్మంలోంచి పెరట్లోకి, పెరట్లోంచి వలలు ఆరేసే చోటికి, ముందు నా భుజం పట్టుకుని, తర్వాత కర్ర పట్టుకుని. రోజూ వచ్చేది అదే పిట్టో, రోజుకొకటో ఆ దేవుడికే ఎరుక.

ఈలోగా ఆమదాలవలసలో మాస్టారుగా ఉన్న మా తమ్ముడు అత్తను చూడ్డానికి వచ్చాడు. వాడికి పిట్టల పిచ్చి. కాసేపు కళ్లు చికిలించి చూశాడు.

"ఉల్లంకి పిట్ట కాదక్కా. దానికైతే ముక్కు పొడుగు, బురదంతా పొడుస్తాది. దీని ముక్కు పొట్టి, కళ్లు పెద్దవి. నాలుగడుగులు పరిగెట్టి, ఆగి, కంటితో సూసి పట్టుకుంటాది. ప్లవర్ అంటారు. చలికాలానికి మంచు దేశాల నుంచి వస్తాది. దాని కాలికేటీ అవలేదు, ఈకల్లో ముడుసుకున్నాదంతే."

గబుక్కున వాడి నోరు మూశాను. "నీకు దండం పెడతాను, అత్త దగ్గిర ఈ సదువు ఇప్పకు" అన్నాను.

ఒకరోజు నీళ్లు బాగా లోపలికి తీశాయి. అత్త కర్ర ఊతంతో తడి అంచు దాకా వెళ్లిపోయింది, వెనకే నేను. అంతలో గద్ద నీడ పడింది. మా కుంటి పిట్ట రెండో కాలు దించి, చక్కగా రెండు కాళ్ల మీదా పరిగెత్తి, గుంపుతో పాటు ఎగిరిపోయింది.

మోసపోయానని అత్త అక్కడే కూలబడి, మళ్లీ మంచమెక్కితే? కానీ ఆవిడ మెల్లగా వెనక్కి తిరిగింది. మా ఇల్లు అగ్గిపెట్టెంత కనిపిస్తోంది.

"దొంగముండ. రెండు కాల్లూ ఎట్టుకుని నన్నింత దూరం ఈడ్సుకొచ్చీసినాది." నా మొహంలోకి చూసింది. "నీకు ముందే తెలుసు గావాల?"

తమ్ముడు చెప్పాడని ఒప్పేసుకున్నాను.

"సెప్పకపోడమే మంచిదైనాది. పద, కూడొండాల" అని కర్ర నా చేతిలో పెట్టి, ముందు నడిచింది.

ఎండలు ముదిరేసరికి పిట్టలు వెళ్లిపోయాయి, అత్త గంపెత్తుకుంది. చివరిదాకా తన కాళ్ల మీదే తిరిగింది. ఇప్పుడు మోకాళ్ల నొప్పులు నా వంతు, ఆ కర్ర కూడా నాదే. చలిగాలి మొదలవగానే గుమ్మంలో కూర్చుని వాటి కోసం చూస్తాను. వచ్చిన పిట్టకల్లా మనసులోనే దండం పెట్టుకుంటాను. అది రెండో కాలు దించడంలో చేసిన ఆ కాస్త ఆలస్యమే మా అత్తకి అన్నేళ్ల నడకైంది.