ఏడుగురు అప్పలసామిలు

ఆ రోజుల్లో మలేసియా రేవు పోర్ట్ క్లాంగ్‌లో కోడ్ రాసే కుర్రాళ్లందరికీ ఒక గట్టి నమ్మకం ఉండేది: ఆఫీసులో చేసేది పొట్టకూటికి, శనివారం చేసేది లోకోద్ధరణకు అని. శనివారం పొద్దున్నే స్టేషన్ పక్క టీ కొట్టులో ల్యాప్‌టాప్‌లు తెరిచి, ఎవరి సొంత యాప్ వాళ్లు చూపించుకుని, ఎవరి ఏడుపు వాళ్లు ఏడ్చేవాళ్లం. మాలో ‘లారీ’ అనే మిత్రుడు రేవు గేటు దగ్గర లారీల క్యూ ఎంత పొడవుందో చెప్పే యాప్ రాశాడు. అది ఎప్పుడు అడిగినా క్యూ లేదనే చెప్పేది. “నిన్న అప్‌డేట్ సేసినాను, పనిసేసే ముక్క కూడా పోయింది లా,” అని వాడు మాట చివర ఇక్కడి అలవాటు ‘లా’ తగిలించి, రొట్టెను పప్పులో ముంచుతూ వాపోయేవాడు.

నా యాప్ మాత్రం గొప్పది (అని నేనే అనుకునేవాణ్ని). ఇద్దరు తెలుగువాళ్ల తండ్రి తాతల పేర్లు, వాళ్ల తాతలు కూలికి వచ్చిన తోట పేరు ఎక్కిస్తే వరస ఏమిటో చెబుతుంది. పైకి సమాజసేవే. అసలు సంగతేమిటంటే, మా బల్ల దగ్గరే కూర్చునే, యాప్‌లలో తప్పులు పట్టే టెస్టర్ అమ్మాయి ఒకసారి, “వరస కలవకపోతే మా నాయనమ్మ ఒప్పుకోదు,” అంది. ఎవరితో కలవాలో చెప్పలేదు గానీ నా వైపు చూసే అంది. మా తాతదీ వాళ్ల తాతదీ సుంగై సుమున్ తోటే. ఇంకేం, మూడు నెలలు నిద్రాహారాలు మాని కూర్చున్నాను.

ఆ శనివారం అందరి ముందూ మా ఇద్దరి పేర్లూ కొట్టాను. తెరమీద పెద్ద అక్షరాలతో వచ్చింది: అన్నా చెల్లెలు. బల్లంతా గొల్లుమంది. “డేయ్, సెల్లికి టీ సెప్పరా!” అన్నాడు లారీ. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆమె మాత్రం నవ్వకుండా (టెస్టర్ కదా) మరో పదిమంది పేర్లు కొట్టి చూసింది. తోటలో సగం మంది నాకు తోబుట్టువులే. “ఏటి సేసినావు? నీ యాప్‌కి అప్పలసామంటే ఒక్కడే మనిషి!” అంది. ఇక్కడ మా గుర్తింపు కార్డుల్లో ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరే ఉంటుంది. మా ఇద్దరి తాతలూ అప్పలసామిలే; పేరూ తోటా కలిస్తే మనిషీ ఒకడే అని నేనే రాసి పెట్టాను.

మర్నాడు వాళ్ల నాయనమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. “ఆ తోటలో ఏడుగురు అప్పలసామిలు. మీ తాత ఏ అప్పలసామి బాబూ?” అంది. నాకేం తెలుసు? అక్కడే నాన్నకు ఫోన్ చేశాను. ఆయన కాసేపు నసిగి, “రేపటి అప్పలసామి అనీవోరు,” అన్నాడు. ఏ పని చెప్పినా రేపు చేస్తాననేవాడట. ముసలావిడ పడీపడీ నవ్వింది. “మా పెళ్లికి సగం పందిరేసి రేపొత్తానన్నాడు, ఇప్పటికీ రానేదు! మా ఆయన తోటలో గంట కొట్టీవోరు, గంట అప్పలసామి. మీ ఇంటిపేరేరు, మాదేరు. వరసకి అడ్డేటీ నేదు. పెళ్లి మాత్రం రేపనకు!”

అనలేదు. జన్మలో వాయిదా వేయకుండా చేసిన పని అదొక్కటే. యాప్‌లో మారుపేర్లకు ఒక వరస గళ్లు చేర్చి, నాయనమ్మ చెబుతుంటే ఐదుగురు అప్పలసామిలను ఎక్కించాను. అంతలో భోజనాలకు పిలిచారు, మిగతా ఇద్దరినీ తర్వాత అడుగుదామనుకున్నాను. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. ఖాళీగా ఉన్న ఆ రెండు గళ్లూ చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

మొన్న మా ఆవిడ (ఆ టెస్టరే) వాటిని చూపించి, “సుంగై సుమున్‌లో ఇంకా ముసలోళ్లున్నారు కదా, ఎల్లి అడిగొద్దామా?” అంది. “రేపెళ్దాం,” అన్నాను. ఆమె కారు తాళం తెచ్చి నా చేతిలో పెట్టింది.