రాకియాతో తుడిచిన ఫిల్టర్

మబ్బులేని ప్రతి మధ్యాహ్నమూ సరిగ్గా పన్నెండు గంటల పది నిమిషాలకు స్టామెన్ తన పెరట్లో సూర్యుణ్ణి ఫొటో తీస్తాడు. తొమ్మిదేళ్లలో ఎండ కాసిన రోజు ఒక్కటీ తప్పలేదు. అంతకుముందు ముప్పై నాలుగేళ్లు భూమి కొలిచే దుర్బిణులు బాగుచేశాడు. ఆ పని నేర్పిన గురువు ఒకనాడు నల్లద్దం బిగించడం మరచి దుర్బిణిని సూర్యుడికి గురిపెట్టి చూశాడు. ఆయన కుడికంటి చూపు నడుమ మినపగింజంత మచ్చ చచ్చేదాకా నిలిచిపోయింది. అందుకే టెలిస్కోపు ముందుకొసకు తొడిగే వెండిరంగు పొర ఫిల్టర్‌ను స్టామెన్ రోజూ షెడ్డులోని బల్బుకెత్తి, చిల్లులు లేవని తేలాకే తొడుగుతాడు.

ఆ ఆదివారం సూర్యుడిమీద పెద్ద మచ్చల గుంపు ఉంది. అది చూద్దామని పక్కింటి దోబ్రి తన బావమరిదిని వెంటబెట్టుకొని, సీసాతో సహా ముందే వచ్చి షెడ్డులో కూర్చున్నాడు.

"స్టామెన్ అన్నా, నీ ఫిల్టర్ దుమ్ముకొట్టుకుపోయింది. నేనే తుడిచిపెట్టాను."

"దేంతో?"

"ఇంకేంటి, మా ఆలుబుఖారా రాకియా. రెండుసార్లు కాచింది. మా అమ్మ పంటినొప్పికీ అదే, కిటికీలకీ అదే."

స్టామెన్ ఫిల్టర్‌ను బల్బుకెత్తాడు. అరచేయంత మేర వెండిపూత లేచిపోయింది. మిగిలిన చోట సూదిమొన లాంటి వెలుగులు. సారా వాసనలో వేయించిన సాసేజీ జిడ్డు కలిసి ముక్కుకు తగిలింది.

"మీ బావ చేతికి గుడ్డ ఇస్తే చర్చి గోడమీద గీసిన పునీతుల మొహాలు కూడా తుడిచేస్తాడు," అన్నాడు బావమరిదితో.

"కళ్లు చికిలించుకొని ఒక్క క్షణం చూస్తాంలే అన్నా. ఏమవుతుంది?" అన్నాడు దోబ్రి.

స్టామెన్ గడియారం చూశాడు. పన్నెండూ ఆరు. చెడిన మేర అట్టముక్కతో కప్పి ఫొటో తీయవచ్చు. కాని కనబడిన చిల్లులనే కప్పగలడు. కనబడనివాటి సంగతి కన్ను పోయాకే తెలుస్తుంది. కత్తెర తీసి ఫిల్టర్‌ను నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు.

"అయ్యో, ఎందుకన్నా అలా కోసిపారేశావ్?"

"ఉంచితే నేను లేనప్పుడు తొడిగి చూస్తావు. నీమీద నాకు ఆ నమ్మకం ఉంది."

పన్నెండూ పది అయింది. పెరడంతా ఎండ పరుచుకొని ఉంది. స్టామెన్ నోటుపుస్తకం తెరిచి రాశాడు: ఆకాశం నిర్మలం. ఫొటో లేదు. కారణం: రాకియా.

దోబ్రి భుజం మీదుగా తొంగిచూశాడు. "రెండుసార్లు కాచింది అని కూడా రాయన్నా."

స్టామెన్ పళ్లు కొరికాడు. మొహం అటు తిప్పుకొని, అదీ రాశాడు. ఎంతైనా అది నిజమే.