పన్నెండు బల్బులూ, నా కుడిచెయ్యీ

ఆ రోజుల్లో మా ఇంట్లో దేవుడి తర్వాత దేవుడు డీజిల్. నాన్న పవర్‌హౌస్‌లో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. మా అండమాన్‌లో కరెంటు ఏ నదిలోంచీ రాదు, ఓడలో వచ్చిన డీజిల్ మండితేనే వస్తుంది. అందుకని మనిషి లేని గదిలో లైటు వెలగడమంటే మాకు అన్నం పారబొయ్యడంకంటే పెద్ద పాపం. "గదిలో ఎవులూ నేరు, లైటు ఎవులికే? గోడకా?" అని నాన్న వాకిట్లోంచే కేకేసేవాడు. (శ్రీకాకుళం వదిలి ముప్ఫై ఏళ్ళయినా ఆయన కోపం మాత్రం అక్కడి యాసలోనే వచ్చేది. సంతోషమైతే హిందీలో వచ్చేది.) అలా పెరిగిన నాకు, గుమ్మం దాటేటప్పుడు కుడిచెయ్యి దానంతటదే స్విచ్ మీదికి వెళ్ళేది. నేను ఏం ఆలోచిస్తున్నానో దానికి సంబంధం లేదు. ఆ చేతివల్ల ఒకసారి నా ఉద్యోగం పోవలసింది.

ఎల్‌ఈడీలు ఇంకా ఇంటింటికీ రాని కాలం అది. మెలికలు తిరిగిన తెల్ల గొట్టాలతో సీఎఫ్‌ఎల్ బల్బులు ఏలుతున్నాయి. డిగ్రీ అయిన ఏడాదికి పోర్ట్ బ్లెయిర్‌లో ప్రభుత్వం కొనే సరుకుల నాణ్యత చూసే ఒక ఆఫీసువారి పరీక్షగదిలో నాకు టెంపరరీ పని దొరికింది. పెద్దగా వర్ణించడానికేం లేదు, ఒక గది, ఒక వరండా, ఒక సార్. సార్‌వాళ్ళు ఆ ఊళ్ళోనే గోల్ ఘర్ పేటలో మూడు తరాలుగా ఉన్న తెలుగువాళ్ళే. ఆయనకి కోపం మెల్లగా ఎక్కేది, మెల్లగా దిగేది. అందుకని అందరూ చాటుగా థర్మామీటర్ సార్ అనేవారు. (నేనూ అన్నాను. ఒప్పుకుంటున్నాను.)

దీవుల్లోని హాస్టళ్ళకి కొనబోయే బల్బుల్లో పన్నెండూ, స్పేర్‌గా ఇంకొకటీ మా గదికి వచ్చాయి. పద్ధతి ఇది. పన్నెండింటినీ చెక్క స్టాండుకి బిగించి, ఆపకుండా నూరు గంటలు వెలిగించాలి. తర్వాత ఒక్కొక్కదాన్నీ లోపల తెల్లరంగు పూసిన పెద్ద గోళంలో పెట్టి వెలుతురు కొలవాలి. చివరికి రెండు బల్బుల్ని దూదిలో చుట్టి ఓడలో చెన్నై పంపాలి, లోపల పాదరసం ఎంతుందో అక్కడ తేలుస్తారు. ఆ మిషను మా దగ్గర లేదు. మొదటిరోజే సార్ నన్ను కూర్చోబెట్టి చెప్పారు, "దేఖో బేటీ, ఈ బల్బులు మాడిపోయాక ఎక్కడికి పోతాయి? మనకి దీవి తప్ప వేరే జాగా లేదు. మట్టిలోకి, మట్టిలోంచి సముద్రంలోకి, అక్కణ్ణుంచి నీ పళ్ళెంలో చేపలోకి. అందుకే లెక్క పక్కాగా ఉండాలి." ఇంకో మాట కూడా అన్నారు. ఈ పరీక్ష సరిగ్గా చేసి సోమవారం ఓడకి పార్సిల్ అందిస్తే నా పేరు పర్మనెంటుకి రాస్తానన్నారు. నాన్న ఆ యేడే రిటైరవుతున్నాడు. ఇంట్లో ఆ పర్మనెంటు కాగితం కోసం అందరూ ఎంత ఎదురుచూస్తున్నారో నాకు తెలుసు.

బుధవారం ఉదయం ఎనిమిదికి స్విచ్ వేశాం. శనివారం ఒంటిగంటకి డెబ్భై ఏడు గంటలు. రిజిస్టరులో "పన్నెండూ వెలుగుతున్నాయి" అని గుండ్రంగా రాసి, సంతకం పెట్టి, తాళం వేసి, మా ఊరు చౌల్దారీకి బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఎంత సుఖంగా ఉందంటే, పర్మనెంటు అయ్యాక కొనుక్కోబోయే చీర రంగు కూడా ఖాయం చేసేసుకున్నాను. బస్సు ఊరు దాటుతుండగా వెనక సీటావిడ పిల్లాణ్ణి అడిగింది, "ఫ్యాన్ బంద్ చేసే వచ్చావా?" అని. ఆ పిల్లాడి సంగతేమో గాని నా చీర రంగు వెలిసిపోయింది. తలుపు దగ్గరకి లాగడం గుర్తుంది, తాళం గుర్తుంది. వాటికి ముందు కుడిచేతి వేళ్ళకింద టక్‌మన్న చిన్న చప్పుడు కూడా గుర్తుంది.

"రోకో భయ్యా" అని దిగిపోయి, ఎదురు బస్సుకోసం ఎండలో నిలబడ్డాను. ఆ పదిహేను నిమిషాలూ నా కుడిచేతిని ఎడంచేత్తో గట్టిగా పట్టుకునే ఉన్నాను, అది ఇంకేం చేస్తుందోనని. నేను వెళ్ళేసరికి రెండుంబావు. తలుపు తీస్తే గది చీకటిగా, చల్లగా ఉంది. స్టాండు మీద పన్నెండు బల్బులూ తెల్లగా, బుద్ధిగా ఆరిపోయి ఉన్నాయి. ఇంట్లో అయితే నాన్న శభాష్ అనేవాడు.

వెంటనే స్విచ్ వేశాను. పదకొండు వెలిగాయి. మూలనున్న ఒకటి మిణుకుమిణుకుమంటోంది. బల్బుని ఎప్పుడూ అడుగున ప్లాస్టిక్ దగ్గరే పట్టుకోవాలని సార్ పదిసార్లు చెప్పారు. పదకొండోసారి చెప్పి ఉండాల్సింది. నేను గొట్టం పట్టుకుని తిప్పాను. అది నా పిడికిట్లో చిట్లి కిందపడింది.

ఇక నా అవస్థ చూడాలి. ఊపిరి బిగబట్టి, రెండుచేతులూ ఖాళీగా ఉండాలని తాళంచెవి పళ్ళమధ్య కరుచుకుని, కిటికీలన్నీ తెరిచి, రిజిస్టరూ టిఫిన్ డబ్బా పట్టుకుని వరండాలోకి వచ్చిపడ్డాను. పాదరసం బంగారం కనిపిస్తే వదలదని సార్ చెప్పింది గుర్తొచ్చి, అమ్మ ఇచ్చిన దుద్దులు తీసి టిఫిన్ డబ్బాలో, మిగిలిపోయిన పులిహోర పక్కన పెట్టాను. అంతలో నోట్లో ఇనుప రుచి తెలిసింది. విషమెక్కితే మొదట ఇదే లక్షణమని ఎక్కడో చదివాను. కళ్ళనీళ్ళు తిరిగాయి. అమ్మకి ఎలా చెప్పాలా అని వాక్యాలు కూడా కూర్చుకున్నాను. (తాళంచెవి ఇంకా నోట్లోనే ఉందని చాలాసేపటికి గాని తెలియలేదు.)

భయం కొంచెం తగ్గాక దానికంటే చెడ్డది వచ్చింది, ఆలోచన. డబ్బాలో స్పేర్ బల్బు ఒకటుంది, చూడ్డానికి అచ్చం ఇలాంటిదే. దాన్ని బిగించేస్తే సరి. ఆదివారం మధ్యాహ్నం దాకా వెలగాల్సినవి ఇంకో గంటంబావు ఎక్కువ వెలిగిస్తే సరి. రిజిస్టరు నా ఒళ్ళోనే ఉంది, పెన్నూ ఉంది. ఎవరూ చూడలేదు. నేను నాన్నకి ఫోన్ చేశాను.

"నాన్నా, ఆఫీసులో లైట్లు ఆపేశాను."

"మంచి పని చేసినావు."

"ఆపకూడని లైట్లు నాన్నా. పుస్తకంలో వెలుగుతున్నాయని రాసేశాను."

అవతల రేడియో కట్టేసిన చప్పుడు వినిపించింది. తర్వాత మెల్లగా అన్నాడు, "ముప్ఫై ఏళ్ళు లాగ్‌బుక్కు రాసినానమ్మా. రీడింగు అబద్ధం రాస్తే ఆఫీసరుకి తెలవదు గానీ ఇంజనుకి తెలుస్తాది. మీ సార్‌కి సెప్పీ." ఇంకో మాటకూడా ఉంటుందేమోనని చూశాను. "ఉద్యోగం పోతే పోనీ" అంటాడేమోనని. అనలేదు. ఆయనకీ భయంగానే ఉందని అర్థమైంది.

ఫోన్ పెట్టానో లేదో గేటు చప్పుడైంది. థర్మామీటర్ సార్. శనివారం మధ్యాహ్నం ఆయన ఎప్పుడూ రారు. తెరిచిన కిటికీలూ, మెట్లమీద నేనూ, పక్కన పులిహోరలో దుద్దులూ చూసి ఆగిపోయారు. నేను లేచి నిలబడి అంతా చెప్పేశాను. చెయ్యి, బస్సు, గొట్టం, స్పేర్ బల్బు, దాన్ని మార్చేద్దామనుకున్నది కూడా. చెప్తూంటే ఆయన మొహం ఎర్రబడుతోంది. పాదరసం ఎక్కడిదాకా ఎక్కుతుందా అని చూస్తున్నాను.

ఆయన లోపలికెళ్ళి, అట్టముక్కతో గాజుపెంకులు ఎత్తి, మిగిలిన పొడిని టేపుతో అద్ది, తడిగుడ్డతో తుడిచి, అన్నీ ఒక సీసాలో వేసి మూత బిగించారు. తర్వాత నన్ను పిలిచి, స్టాండు వెనక గోడవైపున్న చిన్న మీటరు చూపించారు. బల్బులు ఎన్ని గంటలు వెలిగాయో లెక్కపెట్టే మీటరు. అదొకటుందనే నాకు తెలీదు. నేను ఆపిన గంటంబావు తీసేసినా డెబ్భై ఏడు ఉండాల్సిన చోట అరవై నాలుగుంది.

"నువ్వాపింది గంటంబావు," అన్నారు గోడవైపే చూస్తూ. "మరి పదమూడు గంటలు ఎవడు తిన్నాడు? గురువారం సాయంత్రం ఆఖర్న నేనే ఎల్లాను బేటీ. మా అమ్మ నేర్పిన ఆదత్, చిన్నప్పటి అలవాటు. బంద్ చేసీసి ఎల్లిపోయాను. పొద్దుటేల ఏడుకొచ్చి మళ్ళీ ఆన్ చేశాను. రెండ్రోజుల్నుంచి నిద్ర లేదు. ఓడకి పార్సిల్ రాదని చిట్ఠీ రాద్దామనే ఇప్పుడొచ్చాను."

ఇద్దరం ఒకరి కుడిచెయ్యి ఒకరం చూసుకున్నాం. నవ్వు ముందు ఎవరికొచ్చిందో గుర్తులేదు. ఉత్తరంలో సార్ "ఆపినవారు ఇద్దరు" అని రాసి, ముందు తన పేరే పెట్టారు. సోమవారం ఓడ మా పార్సిల్ లేకుండానే వెళ్ళిపోయింది.

మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టాం. విరిగినదాని చోట స్పేర్ బల్బు, ఈసారి రిజిస్టరులో రాసే. స్విచ్‌కి అడ్డంగా టేపు వేసి, సార్ దానిమీద తెలుగులో "చెయ్యి పెట్టకు" అని రాశారు. రెండోరోజు నాన్న నాకు అన్నం తెచ్చాడు. పట్టపగలు, ఖాళీ గదిలో, పన్నెండు బల్బులు. పాపం ఆయన మొహం చూడాలి. ఒక్క నిమిషం ఓర్చుకున్నాడు. వెళ్ళేముందు ఆయన చెయ్యి లేచింది. నేనూ సార్ చెరో పక్కనుంచీ ఆ మణికట్టు పట్టుకున్నాం.

తొంభయ్యో గంట దాటాక ఒకటి ఆరిపోయింది. నూరు నిండేసరికి మరో మూడు చివర్ల దగ్గర నల్లబడి మాడిపోయాయి. తర్వాతి ఓడలో వెళ్ళిన రెండింటిలో ఉండవలసినదానికంటే చాలా ఎక్కువ పాదరసం ఉందని చెన్నై నుంచి కాగితం వచ్చింది. సరుకంతా వచ్చిన దారినే వెనక్కి వెళ్ళింది. నేను రిజిస్టరులో ఆ గంటలు కలిపేసి ఉంటే, అమ్మినవాళ్ళు మా మీటరు చూపించి పరీక్షే చెల్లదనేవాళ్ళు, ఆ బల్బులు హాస్టళ్ళలో పిల్లల తలలపైన ఉండేవి. నా పర్మనెంటు కాగితం రావడానికి మరో ఏడాది పట్టింది, కానీ వచ్చింది. నాన్న దాన్ని చదివి "బహుత్ అచ్ఛా" అన్నాడు.

ఇప్పుడు ఆ గదికి నేనే ఇన్‌ఛార్జిని. పాదరసం బల్బులు పోయాయి, సార్ రిటైరయ్యారు, టేపు మీద ఆయన రాత సగం చెరిగిపోయింది. ఇంట్లో గోడమీద నాన్న ఫోటో ఉంది. దానిపైన చిన్న ఎల్‌ఈడీ బల్బు, పగలూ రాత్రీ ఆరకూడదని అమ్మ నియమం. నేను ఆ గది దాటినప్పుడల్లా అది ఆరిపోతుంది. నిన్నకూడా అమ్మ లోపల్నుంచి తిట్టింది, "మళ్ళీ ఆపీసినావా?" అని. వెనక్కెళ్ళి వేద్దామని స్విచ్ మీద చెయ్యి పెట్టి ఫోటోవైపు చూశాను. ఆయనైతే శభాష్ అనేవాడు. ఒక నిమిషంపాటు అలాగే ఉంచి, అప్పుడు వేశాను.