వాకిట్లో మూడాకుల గడ్డి

గడ్డి విత్తనాలు కొన్నానని తెలిసిన రోజు మా మావయ్యగారు చాన్నాళ్ళకి నవ్వారు. మా గోదారి జిల్లా నవ్వది. పెదవి కదలదు, వెటకారం మాత్రం కారిపోతుంటుంది.

“ఏమ్మా, జీవితమంతా చేలో గడ్డి పీకి పీకి నడుం విరగ్గొట్టుకున్నాను నేను. నువ్వేమో గడ్డి కొనుక్కొచ్చి పెంచుతావా?”

“పెంచుతానండీ. మీరు పీకకుండా చూసుకుంటే చాలు,” అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పెళ్ళయిన కొత్తలోనే ఆ సంగతి ఆయనకి తెలిసిపోయింది కాబట్టి ఏమీ అనుకోరు.

మా ఇల్లు ధవళేశ్వరంలో, కాలవ గట్టు పక్క వీధిలో ఉంది. ఇంటి ముందు కాస్త ఖాళీ నేల ఉంది. వానాకాలం బురద, ఎండాకాలం దుమ్ము. దాని మీద మా ఆయనకి ఎప్పట్నుంచో కన్ను. పార్కింగ్ టైల్స్ పరిచేసి కారు లోపల పెట్టుకోవాలని ఆయన కోరిక. నాకేమో టైల్స్ అంటే ఒళ్ళు మంట. ఎండాకాలం మధ్యాహ్నం వాటి మీద అప్పడాలు కాల్చుకోవచ్చు. పోట్లాడి పోట్లాడి చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. శివరాత్రికల్లా అక్కడ పచ్చగా ఏదైనా కనబడితే సరే, లేదంటే టైల్స్ మేస్త్రీని పిలిపిస్తారు.

అయితే నా పట్టుదల టైల్స్ కోసం కాదు, మావయ్యగారి కోసం.

ఆయనది భీమవరం వైపు పల్లెటూరు. వరి తప్ప ఇంకో ధ్యాస లేని మనిషి. చుట్టుపక్కల చేలన్నీ ఒక్కొక్కటే రొయ్యల చెరువులైపోయాయి. ఆ ఉప్పు ఊటకి ఈయన చేలో వరి పండడం మానేసింది. ఏం చేస్తారు? ఈయనా చెరువుకి లీజుకిచ్చి, సంచీ సర్దుకుని మా దగ్గరికొచ్చేశారు. వచ్చిన రోజు వరండాలో కుర్చీలో కూర్చున్నారు. అంతే, ఇక లేవలేదు. మెట్టు దిగి వాకిట్లోకి వచ్చింది లేదు. కూర్చున్నా చెప్పులు కాళ్ళకే ఉండేవి.

నా కళ్ళు ఎప్పుడూ ఆ చెప్పుల మీదికే పోయేవి. ఎందుకంటే, కొత్త కోడలిగా నేను మొదటిసారి చేను చూడ్డానికి వెళ్ళినప్పుడు చెప్పులతోనే దిగబోయాను. ఆయన చెయ్యి అడ్డుపెట్టి, “అమ్మా, చెప్పులు గట్టు మీద వదిలి దిగు. మనకి అన్నం పెట్టే తల్లి కదా,” అన్నారు. అంత మెత్తగా నన్ను ఎవరూ మందలించలేదు. అలాంటి మనిషి ఇప్పుడు నేలంటేనే మొహం తిప్పేసుకుంటున్నారు.

నడవకపోతే మోకాళ్ళు పట్టేస్తాయని డాక్టరుగారు చెప్పారు. “ఎక్కడికి నడవాలండీ? చేనుందా, గట్టుందా?” అన్నారీయన.

అప్పుడు ఫోన్‌లో ఒక వీడియో చూశాను. క్లోవర్ అట. మూడేసి గుండ్రటి ఆకులు, నేలకి అంటుకుని దుప్పటిలా పరుచుకుంటుంది, కోసే పని పెద్దగా లేదు. దాని మీద ఒక ముసలాయన వట్టి కాళ్ళతో నడుస్తున్నాడు. అంతే, నా బుర్రలో పడిపోయింది. మావయ్యగారు ఆ మెట్టు దిగాలి, ఆ గడ్డి మీద నడవాలి. వెంటనే ఆన్‌లైన్‌లో పొట్లం తెప్పించేశాను. విత్తనాలు గసగసాల కన్నా కాస్త పెద్దవి.

వానలు ఇంకా పూర్తిగా తగ్గలేదు. పొడి నేల దొరికిన చోట నేను బొరిగె పట్టుకుని గీకుతుంటే మావయ్యగారు కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయారు.

“అలా గోకితే నేలకి చక్కిలిగింతలు పెట్టినట్టుంటుందమ్మా. విత్తడమంటే అది కాదు.”

“మరెలాగో చెప్పండి.”

“ముందు గింజలకి మండె కట్టు.”

తాతకి దగ్గులు నేర్పేదాన్ని కాదు కదా నేను. చెప్పినట్టే చేశాను. మండె అంటే మా వైపు వరి విత్తనాన్ని నానబెట్టి, గోనెలో మూటగట్టి, బరువు పెట్టి మొలకెత్తించడం. క్లోవర్ గింజలకి గోనె ఎక్కడ సరిపోతుంది? నా పాత కాటన్ చీర చెంగులో కట్టాను. పొట్లంలో సగమే కట్టమన్నారు. సగం గింజ ఎప్పుడూ ఇంట్లో ఉండాలిట. తర్వాత వాకిలి దమ్ము చేయమన్నారు. పైపు పెట్టి చీలమండ లోతు నీళ్ళు నిలబెట్టి, మా ఆయనా నేనూ బురదలో పడి తొక్కాం. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి, “ఏవండోయ్, ఊడుపులా? కూలీలు దొరకలేదా?” అని పలకరించడమే. మా ఆయనకి తల కొట్టేసినంత పనైంది.

మొదటి గుప్పెడు మావయ్యగారిచేతే చల్లించాను. వాళ్ళ ఊళ్ళో ఆయన హస్తవాసికి పేరు. విత్తనాలప్పుడు తొలి గుప్పెడు వేసి వెళ్ళమని పక్క రైతులు ఇంటికొచ్చి పిలుచుకెళ్ళేవారు. మెట్టు దిగలేదు గానీ మెట్టు మీద నిలబడి చల్లారు. ఆ చెయ్యి అలా విసనకర్రలా విప్పుకుని గింజ పడుతుంటే ఎంత ముచ్చటేసిందో! “నీరు తియ్యకు,” అన్నారు. తియ్యలేదు.

మొలకా లేదు, గిలకా లేదు. పాచి పట్టింది. కుళ్ళు వాసన. ఆపైన కప్పలు. మా ఆయన ఒకసారి వాకిలి వైపు, ఒకసారి నా వైపు చూసి ఆఫీసుకి వెళ్ళిపోయారు. ఆ చూపుకి నాకు మండిందిగానీ, అసలు బాధ అది కాదు.

మావయ్యగారు తన కుడి అరచెయ్యి చూసుకుంటూ కూర్చున్నారు. “నా చెయ్యి పోయిందమ్మా. చేనుతోపాటే పోయింది,” అన్నారు. వెటకారం లేదు, ఏమీ లేదు. లోపల గదిలోకి వెళ్ళి పడుకున్నారు. మర్నాటి నుంచి వరండాలోకి రావడం కూడా మానేశారు. మనిషిని నడిపిద్దామని మొదలెట్టి మంచం ఎక్కించానే అని నాకు భయం పట్టుకుంది. ఆ గడ్డినీ, ఆ వీడియోనీ, నన్నూ కలిపి తిట్టుకున్నాను.

నీళ్ళన్నీ తోడేశాక, కార్తీకమాసంలో ఒక పొద్దున్న ముగ్గు వేయబోతుంటే ప్రహరీ గోడ వార ఏదో కనబడింది. అక్కడ మట్టి కాస్త ఎత్తుగా ఉంటుంది, నీరు నిలవలేదు. మొక్కంటే ఒక్కటే మొక్క. బొటనవేలంత ఉంది. మూడాకులు!

పరుగెత్తుకెళ్ళాను. “మావయ్యగారూ, మొలిచిందండీ!”

“ఏదో కలుపయ్యుంటుంది. తెంపుకురా, చూస్తాను.”

“నేను తెంపను. ఉన్నది ఒక్కటే. చూడాలంటే మీరే రండి.”

“అంత మొండితనం ఎక్కడిదమ్మా నీకు?”

“మీ ఇంటికొచ్చాకే నేర్చుకున్నానండీ.”

చాలాసేపు కదల్లేదు. నేనూ గుమ్మంలోంచి కదల్లేదు. చివరికి గోడ పట్టుకుని లేచారు. వరండా దాటారు. మెట్టు దిగారు. చెప్పులతోనే అనుకోండి, దిగడమైతే దిగారు. నేను ముగ్గు డబ్బా పట్టుకుని ఏమీ ఎరగనట్టు నిలబడ్డాను.

వంగి, ఆకుని వేలితో ఎత్తి చూశారు.

“ఓసినీ! ఇది గడ్డి కాదమ్మా. పిల్లిపెసర చుట్టం! పప్పుజాతి. నువ్వు గడ్డీ గడ్డీ అంటే, వరి వరసలో పెట్టి నీళ్ళలో ముంచి చంపేశాను. దీనికి దమ్మెందుకు, మండెందుకు? కోతకి ముందు వరిలో మినుములు చల్లమూ? నేలలో తడి పదును ఉంటే చాలు. మిగతాది మంచు చూసుకుంటుంది.”

మిగిలిన సగం పొట్లం తెచ్చాను. ఈసారి మట్టిని మెత్తగా చిదిపి, చేత్తో ముద్ద చేస్తే విడిపోయేంత తడి మాత్రం ఉంచాం. సన్నగింజ ఒకేచోట పడకుండా పొడి ఇసకలో కలిపించారు. తీరా చల్లే సమయానికి పళ్ళెం నా చేతిలో పెట్టేశారు.

“నువ్వు చల్లు. నా చెయ్యి వద్దు.”

ఇక నాకు ఆగలేదు. “చేతికేం రోగమండీ? గింజని చంపింది నీళ్ళు. మీరు చల్లకపోతే ఈ పళ్ళెం తీసుకెళ్ళి కాలవలో పారేస్తాను. టైల్స్ వేయించుకోండి, హాయిగా మీరూ మీ అబ్బాయీ!”

నా వంక చూశారు. పళ్ళెం లాక్కున్నారు. చల్లారు.

వారం తిరగకుండా నేలంతా పచ్చటి చుక్కలు. ముందు రెండేసి ఆకులు, తర్వాత ఒంటి గుండ్రటాకు, ఆపైన మూడేసి. రోజూ పొద్దున్నే మంచులో మావయ్యగారు గోడ వారగా తిరిగి చూసేవారు. ఆ వార తిరగడమే ఆయనకి నడక అయిపోయింది. ఒకరోజు కాఫీ ఇస్తూ, “రోహిణీ కార్తె ఎండలకి మాడిపోతుందేమోనండీ,” అన్నాను.

“పోతే పోనీ. ఏ పంట ఏడాదంతా నిలిచింది? కొంచెం గింజ దాచుకుని, మళ్ళీ మంచు పడ్డాక చల్లుదాం,” అన్నారు.

‘మళ్ళీ’ అన్నారు. మా ఇంటికొచ్చాక ఆయన నోటివెంట ఆ మాట వినడం అదే మొదలు. వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

శివరాత్రి ముందు ఆదివారం మా ఆయన మేస్త్రీని వెంటబెట్టుకొచ్చారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. అక్కడక్కడా మట్టి కనబడుతోందట, పూర్తి పచ్చ కాదట. మేస్త్రీ జేబులోంచి టేపు తీసి, కొలవడానికి గేటు దగ్గర్నుంచి ఒక అడుగు లోపలికి వేశాడు.

“ఏవయ్యా, ఆగు!”

మావయ్యగారు వాకిలి మధ్యలో ఉన్నారు. పంచె పైకి కట్టి, పాదాలు ఆకుల్లో పెట్టి నిలబడ్డారు. ఆయన చెప్పులు వరండా మెట్టు మీద ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి.

“చేలోకి చెప్పులతో దిగుతావేంటయ్యా? గట్టు మీద వదిలి రా,” అన్నారు మెట్టు వైపు చెయ్యి చూపించి.

మేస్త్రీకి ఏమీ అర్థం కాక మా ఆయన మొహం చూశాడు. మా ఆయన నా మొహం చూశారు. వాళ్ళ నాన్నగారి పాదాల వైపు కాసేపు చూసి, ఆ గట్ల మీద పుట్టి పెరిగిన మా ఆయన వంగి బూట్లు విప్పారు. మేజోళ్ళు కూడా తీసేసి, రెండూ గోడ వారగా పట్టుకెళ్ళి మెట్టు మీద చెప్పుల పక్కన పెట్టారు.

“ఎటునుంచి దిగమంటారు నాన్నా?” అని అడిగారు.