ముక్తేశ్వరం రేవులో నేను చూపించిన చోటు

చనిపోయిన ఒక పెద్దావిడ బరువు నా మీద ఉంది. ఆవిడని నేను ఎప్పుడూ చూడలేదు. నా చేతికి వచ్చేనాటికే ఆవిడ ఒక రేకుడబ్బాలో బూడిద. ఆ బూడిద తీసుకొచ్చి గోదావరిలో కలుపుతానని మాట ఇచ్చాను. కలపలేదు. కలిపానని చెప్పాను. ఇన్నేళ్లలో ఈ నాలుగు ముక్కలూ ఎవరి దగ్గరా అనలేకపోయాను.

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను. అమలాపురంలో నాకో చిన్న ఆసుపత్రి ఉంది. మధ్యాహ్నం జనం పల్చబడ్డాక గది తలుపు దగ్గరికి వేసుకుని ఇది రాస్తున్నాను. బయట ఎవరైనా దగ్గితే చెయ్యి ఆగిపోతోంది. వింటున్నారా? రాసేదాన్ని ఎవరైనా ఎలా వింటారు? అయినా ఆగుతోంది. అనుమానం నాకు అలవాటు. దానితోనే మొదలుపెట్టాలి.

డాక్టరు చదువు నేను కరీబియన్ దీవుల్లో చదివాను. ఇక్కడ సీటు రాని పిల్లలం చాలామందిమి అక్కడికి వెళ్లేవాళ్లం. ఆఖరి పరీక్షలు అయ్యాక తోటివాళ్లంతా విమానం ఎక్కేశారు. నేను ఎక్కలేదు. అన్నేళ్లు ఆ సముద్రం పక్కనే ఉండి కాలేజీ కిటికీలోంచి తప్ప దాన్ని చూడలేదు. స్నేహితురాళ్లతో కలిసి నాలుగు ఊళ్లు చూసి వస్తానని ఇంట్లో చెప్పి, వీపుకి ఒక సంచీ తగిలించుకుని ఒక్కదాన్నే బయల్దేరాను. పడవల మీద ఒక దీవి నుంచి ఇంకో దీవికి, పాటలు మోగించుకుంటూ పోయే చిన్న వ్యానుల్లో ఒక తీరపు ఊరి నుంచి ఇంకో ఊరికి. ఉండడం హాస్టళ్లలో. హాస్టలంటే చదువుకునే పిల్లలది కాదు, సంచీ వేసుకుని తిరిగేవాళ్లకి చవగ్గా మంచం ఇచ్చే ఇల్లు. ఒక గదిలో పైనా కిందా మంచాలు, వాటి కమ్మీల మీద ఆరేసిన తడిబట్టలు, నేలంతా ఇసుక, అందరికీ కలిపి ఒక వంటగది. కొబ్బరిచెట్లు మాత్రం మనవే అనిపించేవి. చెట్ల కింద మనుషులే నాకు నచ్చలేదు.

నచ్చలేదని కాదు. నమ్మలేదు. నిన్న కలిసినవాళ్లు ఇవాళ ఒకరి సబ్బు ఒకరు వాడుకునేవారు, ఒకరి గిన్నెలో ఒకరు తినేవారు. నేను మాత్రం పాస్‌పోర్టు నడుముకి కట్టుకుని పడుకునేదాన్ని. స్నానానికి వెళ్తే దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మెళ్లో వేలాడేసుకునేదాన్ని. పక్క మంచం అమ్మాయి మామిడిపండు కోసి సగం ఇస్తే కడుపులో బాగాలేదన్నాను. అమ్మ ఫోన్‌లో రోజూ ఒకటే మాట. “ఎవరేమిచ్చినా పుచ్చుకోకమ్మా. పొట్లం అసలే పుచ్చుకోకు.” చెప్పినమాట వినే కూతురినని నాకు అప్పట్లో గర్వంగా కూడా ఉండేది.

డొమినికా అనే దీవిలో లిజెత్ హాస్టలుకి అలాగే చేరాను. లిజెత్‌కి యాభై దాటి ఉంటాయి. మన సంతలో ఎదురైతే పిన్నిగారూ అని పలకరించేస్తారు, అలా ఉంటుంది. ఆవిడ పుట్టింది పక్కనున్న ఫ్రెంచివాళ్ల దీవిలో. ఇంటిపేరు ఆవిడ నోట్లో ఎలాగో పలికేది గాని, దానిలో మన అప్పలస్వామి ఇరుక్కుని ఉన్నాడని నాకు వెంటనే తెలిసింది. ఏ ఊరమ్మా అని అడిగింది. చెబితే మాత్రం ఏం తెలుస్తుందిలే అని, గోదావరి పక్కన అన్నాను. కూర కలుపుతున్న గరిటె అలాగే పట్టుకుని నా వైపు తిరిగింది. ఇంకోసారి అనమంది.

ఆ రోజు నుంచి నన్ను అందరి గదిలోంచి తీసి విడిగా ఒక గది ఇచ్చింది. అద్దె వద్దంది. నేను చేపలు తిననని విడిగా కూర వండి పెట్టింది. తన తల్లి చింతపండు వేసి వండేదాన్ని “పులుసు” అనేదని చెప్పింది. నాకు ఒళ్లు జలదరించాలి కదా? లేదు. ఏటా తెలుగు పిల్లలు వచ్చిపోయే దీవుల్లో ఈ ఒక్క మాట నేర్చుకోవడం ఎంతపని, అనుకున్నాను. ఈవిడకి నాతో ఏదో పని ఉంది అనుకున్నాను.

పని ఉంది. బయల్దేరే రోజు పొద్దున్న వంటగది బల్ల మీద ఒక రేకుడబ్బా పెట్టింది. మూత చుట్టూ గుడ్డ కట్టి ఉంది.

“మా అమ్మ,” అంది.

బల్ల మీంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

“మా అమ్మమ్మకి అమ్మమ్మ యానాం దగ్గర ఓడ ఎక్కిందట, చెరుకుతోటల్లో పనికి. మళ్లీ వెనక్కి వెళ్లలేదు. మా వాళ్లందరినీ ఇక్కడే పాతిపెట్టారు. మా అమ్మ మాత్రం నన్ను కాల్చండి, ఆ నదికి పంపండి అంది. పంపడం ఎలాగో నాకు తెలీలేదు. నువ్వొచ్చావు.”

“మీరే రావచ్చు కదా?”

“ఎప్పటికైనా వస్తాను. అందాకా అమ్మని అల్మారాలో ఉంచమంటావా?” అని నవ్వింది. తరవాత నవ్వు ఆపి, “మా తమ్ముడు ఒప్పుకోలేదు. ఇంటి పెరట్లోనే పాతుదాం అన్నాడు. ముక్కూ మొహం తెలియని పిల్ల చేతిలో పెడతావా, అవతల పారేస్తుంది అన్నాడు. నీకు తెలియకపోతే పోనీ, ఆ మొహం నేను చూశాను అన్నాను. పోట్లాడుకున్నాం. ఇప్పుడు మాటల్లేవు.”

“సరే, తీసుకెళ్తాను,” అన్నాను.

ఎందుకన్నాను? ఆవిడ తిండి తిన్నాను కాబట్టి. కాదనడానికి నోరు రాలేదు కాబట్టి. వ్యాను ఎక్కగానే మాత్రం బుర్ర పనిచెయ్యడం మొదలెట్టింది. తల్లి, నది, ఓడ, పోట్లాడిన తమ్ముడు. కథ మరీ అమరినట్టు లేదూ? తల్లి పేరు చెబితే మన దేశపు ఏ ఆడపిల్ల కాదంటుంది? అద్దె లేని గది ఇందుకేనేమో. డబ్బాలో ఉన్నది ఏమిటో ఎవరికి తెలుసు?

రేవులో పోలీసుల కుక్క ఒకటి సంచులు వాసన చూస్తోంది. మరుగుదొడ్డిలోకి వెళ్లి గడియ పెట్టుకుని గుడ్డ విప్పాను.

ఇక్కడిదాకా నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. మత్తుమందు అనుకున్నాను, భయపడ్డాను, చిన్నపిల్లని, పారేశాను. అలా చెప్పుకుంటే కొన్నాళ్లు నిద్ర పట్టేది కూడా. అది నిజం కాదు. మీ దగ్గర కూడా అదే చెబితే ఇది రాయడం దేనికి?

మూత తీశాక నాకు తెలిసింది. బూడిదలో తెల్లగా చిన్న ముక్కలున్నాయి. ఒకటి వేళ్లతో తీశాను. గోరంత ఉంది. లోపల జల్లెడలాగా సన్నటి రంధ్రాలు. ఎముకలు చేత పట్టుకుని చదువుకున్నదాన్ని, నాకు తెలియకపోవడమేమిటి? లిజెత్ అబద్ధం చెప్పలేదు. అది వాళ్లమ్మే.

అనుమానం అక్కడితో పోవాలి. పోయింది కూడా. అయినా నేను ఆ డబ్బా మళ్లీ సంచీలో పెట్టుకోలేదు. కాగితాలు లేకుండా ఎముకలు పట్టుకెళ్తే విమానాశ్రయంలో ఏమంటారో అనుకున్నాను. నిష్ఠగల మా ఇంట్లోకి ఎవరివో అస్థికలు ఎలా తీసుకెళ్లడం అనుకున్నాను. ఆ ఓడ ఎక్కినావిడది ఏ కులమో అని కూడా అనుకున్నాను. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ అనుకున్నాను. పడవ కూత వేసింది. బయటికి వచ్చి, అరటితొక్కలూ కాఫీ కప్పులూ నిండిన చెత్తడబ్బాలో బూడిద పోసి, రేకుడబ్బా కూడా పైన పడేశాను. రోడ్డు దాటితే సముద్రం. కనీసం అక్కడైనా కలపొచ్చు. గట్టు మీద పోలీసు నిలబడి ఉన్నాడని వెళ్లలేదు. తల దించుకుని పడవ ఎక్కాను.

ఇంటికి చేరిన కొన్నాళ్లకి లిజెత్ ఫోన్‌కి మెసేజ్ పెట్టింది. అమ్మ చేరిందా? అంతే. చేరింది అని రాశాను. ఎంత తేలిగ్గా రాశానో. ఒకరోజు కోటిపల్లి వెళ్తూ ముక్తేశ్వరం రేవులో ఏరు దాటించే పంటు ఎక్కినప్పుడు, పంటు మీంచి గోదావరిని ఫొటో తీసి పంపించాను. ఇక్కడే, అన్నాను. ఆ ఫొటో పెద్దది చేయించి హాస్టలు గోడకి పెట్టిందట. వచ్చినవాళ్లందరికీ చూపిస్తుందట.

ఏళ్లు గడిచాయి. బయటిదేశంలో చదివినవాళ్లు రాయాల్సిన ఇక్కడి పరీక్ష గట్టెక్కాను, ఆసుపత్రి పెట్టుకున్నాను. మొన్న చలికాలంలో లిజెత్ వచ్చింది. నిజంగానే వచ్చింది.

మా నాన్నగారిని చూస్తానంది. నాన్నగారు వేదం చదువుకున్నవారు. ఐనవిల్లి దగ్గర మా ఊళ్లో ఇప్పటికీ పిల్లలకి చెబుతారు. లిజెత్ ఆయన ఎదట చేతులు జోడించి, మీ అమ్మాయి మా అమ్మని ఇల్లు చేర్చింది అని ఇంగ్లీషులో చెప్పింది, నేను పంపిన ఫొటో చూపించి ముక్తేశ్వరం అని కూడా అంది. ఇలాంటిదొకటి ఉందని ఆయనకి తెలియడం అదే మొదలు. ఆయన నా వైపు తిరిగారు.

“ఎప్పుడమ్మా ఇది? మాకు చెప్పలేదే.”

“వచ్చిన కొత్తలోనండీ. మీరేమంటారోనని చెప్పలేదు.”

“ముక్తేశ్వరం రేవులో ఎవరు చేయించేరు?”

“ఎవరో పంతులుగారండీ. పేరు అడగలేదు.”

ఆ రేవులో అపరకర్మలు చేయించేవాళ్లంతా ఆయనకి తెలుసు. ఆ సంగతి నాకూ తెలుసు. ఆయన కొంతసేపు నన్నే చూశారు. ఆయనేమంటున్నారు అని లిజెత్ అడిగింది. మీ అమ్మగారి కోసం ప్రార్థిస్తున్నారు అని చెప్పాను. నాన్నగారికి ఆ మాత్రం ఇంగ్లీషు అర్థమవుతుంది. లేచి కండువా వేసుకుని, “పదండి, నేనూ వస్తాను. ఆవిడ తల్లిగారి పేరేమిటో కనుక్కో,” అన్నారు.

ఎలోడీ. అప్పటిదాకా ఆ పేరు నేను అడగనే లేదు.

రేవులో లిజెత్ చెప్పులు విడిచి గట్టున నిలబడింది. ఎక్కడ, అని అడిగింది. నీళ్లవైపు వేలెత్తి చూపించాను. ఏ చోటైతేనేం? అటు కొంచెం, ఆ మెట్టు దాటాక, అన్నాను. వివరంగా చెప్పాను. పడవ మనిషి, “నీళ్లు పోటు మీదున్నాయండి, అమ్మగార్ని చెయ్యి పట్టుకుని దింపండి. ఆయ్, మెల్లిగా,” అంటున్నాడు. నేనే దింపాను. నాన్నగారు ఆవిడ చేత నువ్వులూ నీళ్లూ వదిలించారు. ఎలోడీ అన్న పేరు మంత్రంలో కలిపి స్పష్టంగా పలికారు. అంతసేపూ ఒక్కసారి కూడా నా మొహం చూడలేదు. ఆ కర్మ ఆయన ఎవరి కోసం చేయించారు? ఆవిడ కోసమా, నేను చెయ్యనిదాని కోసమా? అడిగే ధైర్యం నాకు లేదు. ఆయనా అడగలేదు. ఇప్పుడు కూడా ఊరు వెళ్తే నాతో మామూలుగానే మాట్లాడతారు. ఆ మామూలుతనం వెనక ఏముందోనని ప్రతి మాటా వెతుక్కుంటాను.

లిజెత్ సీసాతో నీళ్లు పట్టుకుంది. కారులో నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, “ఇది మా తమ్ముడికి. అమ్మ ఉన్న నీళ్లు. ఇదైనా చూస్తే మాట్లాడతాడేమో,” అంది. అన్నేళ్లుగా వాళ్లకి మాటల్లేవని నాకు అప్పుడు తెలిసింది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. కారు ఆపించి చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా. మంచినీళ్లు కావాలా అని అడిగాను.

మొదట పారేసినది బూడిద. ఆ రోజు కారులో పారేసినది అంతకంటే పెద్దదని నా అనుమానం.

వెళ్లిన తరవాత లిజెత్ రాసింది. తమ్ముడు ఇంటికి వచ్చాడట. సీసా బల్ల మీద పెట్టుకుని ఇద్దరూ కలిసి భోంచేశారట. దాని కింద అతని గొంతుతో ఒక మెసేజ్. వచ్చీరాని ఇంగ్లీషులో, ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పాడు. “నువ్వు అమ్మని పారేస్తావనుకున్నాను. అక్కతో అలా అన్నాను. నిన్ను అనుమానించినందుకు నన్ను క్షమించు.”

నేను దండం పెట్టే బొమ్మ పంపించాను.

అతను అక్కతో అన్నదే నిజం. మా అందరిలో మొదటినుంచీ సరిగ్గా అనుమానించినవాడు అతనొక్కడే, అతను నాకు క్షమాపణ చెప్పాడు. ఇప్పుడు నేను నిజం చెబితే వాళ్లిద్దరూ మళ్లీ విడిపోతారేమో. అందుకే చెప్పడం లేదు అనుకుంటాను. నిజంగా అందుకేనా? లేక డొమినికా రేవులో పోలీసుని చూసి ఎందుకు వెనక్కి తగ్గానో ఇప్పుడూ అందుకేనా? నా మంచితనం మీద నాకు నమ్మకం లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సినవాళ్లు మీరు కారు. వాళ్లకి చెబుతానని కూడా మాట ఇవ్వను. మాట ఇచ్చి నేనేం చేస్తానో మీరు చూశారు.

ఆవిడ పేరు ఎలోడీ. ఆవిడని నేను చెత్తడబ్బాలో పోశాను. తెలిసే పోశాను. ఈ వాక్యం ఇంతవరకూ నాలో నేను కూడా ఇలా పూర్తిగా అనుకోలేదు. ఇప్పుడు రాశాను, మీరు చదివారు. నా తప్పులో ఒక్క గింజ కూడా తగ్గలేదు. కానీ ఇది తెలిసినదాన్ని నిన్నటిదాకా నేనొక్కదాన్నే. ఇవాళ కాదు.