ఒకే జగ్గు, మూడు గ్లాసులు

పొద్దున్నే లేచి ఆమె కాఫీ కన్నా ముందు పువ్వును పలకరించేది. వంటింటి కిటికీలో గాజు సీసా, అందులో ఎండిన హాప్స్ పువ్వులు. బీరుకు చేదునూ సువాసననూ ఇచ్చేది ఆ పువ్వే. ఒకటి తీసి అరచేతుల మధ్య నలిపి, కళ్లు మూసుకుని వాసన చూసేది. కొంతకాలంగా మాత్రం చూశాక పెదవి విరుస్తోంది.

“ఈ ఏడు పువ్వులో పస లేదండీ.”

బస్సు నడిపి రిటైరైన ఆమె భర్త పేపరు వెనక నుంచి “ఊఁ” అనేవాడు. పేజీ తిప్పేవాడు.

ఆమె అన్న పెట్టిన చిన్న బ్రూవరీని అన్న పోయాక మేనల్లుడు నడుపుతున్నాడు. అక్కడ రుచి చూడటం ఆమె పని. ట్యాంకు మూత సరిగ్గా బిగించలేదని వరండాలో చెప్పులు విప్పుతూనే చెప్పేసేది. అందుకే పనివాళ్లు ముక్కత్త అని పేరు పెట్టారు. కోపం కూడా అక్కడే ఉంటుందని చాటుగా నవ్వుకునేవాళ్లు. ఆ పేరు చెవిన పడ్డప్పుడు ఆమె కోప్పడలేదు, లోపల మురిసింది.

రుచి చూసే గదిలో ఆమె పెట్టిన పద్ధతి ఒకటుంది. బల్ల మీద మూడు గ్లాసులు పెట్టాలి. రెండింటిలో ఒక ట్యాంకు బీరు, మూడోదాంట్లో ఇంకో ట్యాంకుది. వేరుగా ఉన్న గ్లాసు ఏదో కనిపెట్టినవాళ్లే ఆ రోజు బీరు గురించి మాట్లాడాలి. కనిపెట్టలేనివాళ్లు కుర్చీలోంచి లేవాలి. పని నేర్చుకునే రోజుల్లో మేనల్లుణ్ణి ఎన్నిసార్లు లేపిందో లెక్కలేదు.

“లేరా, లే. మొహం మాడ్చుకోకు. తెలియకుండా తెలిసినట్టు మాట్లాడితే తాగేవాడు మనిద్దర్నీ తిడతాడు.”

వాడు లేచేవాడు. మర్నాడు మళ్లీ వచ్చి కూర్చునేవాడు.

ఈ వేసవికి వాడు తేలికైన బీరు ఒకటి తలపెట్టాడు. గడ్డి రంగులో, పల్చగా, ఎండలో తిరిగొచ్చినవాడికి గొంతులో హాయిగా దిగిపోయేలా ఉండాలి. మత్తు తక్కువ, పువ్వు వాసన ఎక్కువ. ముక్కత్త రుచి చూసినప్పుడల్లా, “ఇంకాస్త పువ్వు వెయ్యరా, వాసనేదీ?” అనేది. వాడు తలూపేవాడు. తర్వాతిసారి గ్లాసులు వరసగా చూసి, “ఇదిగో, ఈ మధ్యది వేరు. ఇప్పుడు కాస్త నయం,” అనేది. వాడు మళ్లీ తలూపేవాడు. అక్కడే గ్లాసులు కడిగే ఆవిడ కూడా తలూపేది.

లేబుల్ మీద ఈమె బొమ్మ వేయించాడు. కింద “ముక్కత్త మెచ్చిన బీరు” అని రాయించాడు.

“ఇంత ముక్కుందట్రా నాకు?” అంటూ అద్దంలో చూసుకుని నవ్వింది.

ఆ రోజు ఎండ ముదరకముందే చేరాలని ఆమె కాస్త ముందుగా వెళ్లింది. చేతులు కడుక్కోవడానికి పక్కగదిలోకి వెళితే, ఓరగా తీసివున్న తలుపు సందులోంచి మేనల్లుడు కనిపించాడు. ఒకే జగ్గులోంచి మూడు గ్లాసుల్లోకీ బీరు పోస్తున్నాడు. చుట్టుపక్కల ఇంకో జగ్గు లేదు. కూనిరాగం తీస్తూ నిమ్మళంగా పోస్తున్నాడు.

‘నన్నే పరీక్షిస్తాడా, వెధవ!’ అనుకుంది. చెప్పొద్దూ, ముచ్చటేసింది కూడా.

ఏమీ ఎరగనట్టు వెళ్లి కూర్చుంది. మొదటి గ్లాసు వాసన చూసింది, గుక్కెడు తాగింది. రెండోది, మూడోది కూడా అలాగే. వాణ్ణి కాసేపు ఉడికించి అప్పుడు అంది.

“ఎవరి దగ్గర్రా నీ వేషాలు? మూడూ ఒకటే!”

వాడు తెల్లబోతాడనుకుంది. కానీ వాడి కళ్లు చెమర్చాయి. బల్ల చుట్టూ పరిగెత్తుకొచ్చి ఆమెను వాటేసుకున్నాడు.

“అత్తా! నీ ముక్కు తిరిగొచ్చింది!”

ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. వాడు అప్పటికే ఫోన్ తీశాడు. “మామయ్యా, అత్తకి వాసన తెలుస్తోంది! నిజం, ఇప్పుడే...”

నవ్వు ఆగిపోయింది. ముక్కత్త గ్లాసులు కడిగే ఆవిడ వైపు చూసింది. ఆవిడ చప్పున కుళాయి వైపు తిరిగిపోయింది.

“ఫోన్ పెట్టెయ్యి,” అంది ముక్కత్త. “తలుపు సందులోంచి చూసి చెప్పానురా. ఎప్పట్నుంచి?”

వాడు ఫోన్‌ను బల్ల మీద బోర్లించాడు.

“నిన్నే అడిగేది. ఎప్పట్నుంచి?”

“మీ ఇంట్లో పాలు మాడిన రోజు నుంచి. గిన్నె బొగ్గయిపోయినా, పక్కగదిలో ఉన్న నీకు తెలియలేదటగా. మామయ్య గిన్నె తోమి దాచి, నాకు చెప్పాడు. అప్పట్నుంచీ మూడు గ్లాసుల్లోనూ ఒకటే పోస్తున్నా.”

“నేను వెయ్యమన్న పువ్వు?”

“ఒకసారి వేశాం. చేదెక్కిపోతే పారబోశాం. నీకు చెబుదామనే అనుకున్నానత్తా. కానీ నీ పద్ధతే కదా, చెబితే కుర్చీలోంచి లేచిపోతావు. నువ్వు లేవడం నేను చూడలేను.”

“నిన్ను నేను లేపలేదూ? నువ్వు లేవలేదూ?”

వాడు తల దించుకున్నాడు. ఆమెకు ఒక్క క్షణం జాలేసింది కూడా. అంతలో గోడకు అంటించిన లేబుల్ కంటబడింది.

“మరి ఇది?”

“అప్పటికే అచ్చుకిచ్చేశామత్తా.”

“అప్పటికే అంటే? పాలు మాడకముందా, మాడాకా?”

కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది.

“మాడాక,” అన్నాడు చివరికి.

తల కొట్టేసినట్టయింది ఆమెకు. ఇన్నాళ్లూ ‘మధ్యది వేరు’ అంటూ తను చెప్పిన ప్రతి మాటా, వాళ్లు ఊపిన ప్రతి తలా కళ్లముందు కదిలాయి. ఎదురుగా ఉన్న గ్లాసు ఎత్తి పూర్తిగా తాగేసింది. చల్లగా, తేలిగ్గా దిగింది. నాలుక చివర సన్నటి చేదు. అంతే, ఇంకేమీ లేదు.

“బాగుందా?” అని గ్లాసులు కడిగే ఆవిడనే అడిగింది.

ఆవిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ నసిగింది. “బాగుందక్కా.”

“సరిగ్గా చెప్పు.”

“పచ్చి నిమ్మకాయని గోటితో గిల్లినట్టుంది. తాగాక కూడా ఆ వాసన పోదు.”

“సరే,” అని ముక్కత్త కుర్చీలోంచి లేచింది.

ఇంటికెళితే భర్త గుమ్మంలోనే ఎదురొచ్చాడు. “నీ మంచికేనే...” అని మొదలుపెట్టాడు.

“గిన్నె ఏదండీ?”

ఆయన అటక మీద నుంచి దించి ఇచ్చాడు. అడుగున నల్లటి మరక ఇంకా మిగిలే ఉంది. ఆమె దాన్ని మళ్లీ పొయ్యి పక్కన, అందరికీ కనిపించేలా పెట్టింది.

ఇప్పుడామె వీధి చివరి దర్జీ దుకాణంలో గుండీలు కుడుతోంది. పాలు కాగినంతసేపూ పొయ్యి ముందే నిలబడుతుంది. ఆ బీరు బాగా అమ్ముడుపోతోంది, సీసాల మీద ఆమె బొమ్మ అలాగే ఉంది. మేనల్లుడు చూడటానికి వస్తే కుర్చీ వేస్తుంది, మంచినీళ్లిస్తుంది, ‘మీరు’ అంటుంది.